మాలూరు ఇండ్లలో దక్షిణాఫ్రికా మొక్కల పెంపకము

కోలారు జిల్లాలో ఏడాది పొడవున పారు నది యొక్కటియు లేదు. చెరువులే ఈ సీమకు ప్రాణాధారము. జిల్లాకు పడమటి వైపున, బెంగుళూరు రైలుమార్గముపై నున్న మాలూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున గల మెట్టనేల. ఏటా కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో సెప్టెంబరు, అక్టోబరు నెలల వాటా పెద్దది. ఇట్టి చోట కొద్ది నీటితో జీవించు మొక్కలపై గృహస్థులకు మక్కువ కలుగుట సహజము. నేడు మిద్దెలపైనను కిటికీగట్లపైనను కనిపించు జేడు మొక్క, హవర్తియా, గాస్టీరియా మొదలగునవి దక్షిణాఫ్రికాలో పుట్టినవే. అయితే మండు వేసవికి తాళిన మొక్క హస్త, చిత్త కార్తెల వానలలో కుళ్లిపోవుట పలువురి అనుభవము. కరవునకు ఓర్చిన మొక్క నీటిచే ఏల చచ్చుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసిననే వీని పెంపకము సాధ్యమగును.

ముందుగా ఒక మాట. ఆఫ్రికా మొక్కలు మనకు బొత్తిగా పరాయివి కావు. మన చేలగట్లపై కంచెగా పెంచు కాడజెముడు ఆఫ్రికా ఖండమునందు పుట్టినది. నాభి యనబడు అగ్నిశిఖ దక్షిణాఫ్రికాలోను మన అడవులలోను సహజముగా పెరుగును. అది జింబాబ్వే దేశమునకు జాతీయపుష్పము, తమిళనాడునకు రాష్ట్రపుష్పము. మన రాతిగుట్టలపై మొలచు కుందేటికొమ్ములు, చచ్చిన మాంసపు వాసనతో ఈగల నాకర్షించు దక్షిణాఫ్రికా స్టపీలియాకు దాయాది.

క్లైవియా అను నారింజరంగు పూలమొక్క పేరులోనే మన చరిత్ర కొంత దాగియున్నది. రాబర్టు క్లైవు కుమారుడు ఎడ్వర్డు క్లైవు 1798 నుండి 1803 వరకు మదరాసు గవర్నరుగా నుండెను. ఆయన కుమార్తె షార్లెట్ 1800లో, బాలికగా నుండగా, తల్లితో కలిసి మైసూరు రాజ్యమున పర్యటించినది. తరువాత ఆమె నార్తంబర్లాండు డచెస్ అయ్యెను. 1828లో జాన్ లిండ్లీ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆమె పుట్టింటి పేరుతోనే ఈ జాతికి క్లైవియా యని నామకరణము చేసెను. మనము కుండీలలో పెంచు క్లైవియా ముఖ్యముగా నేటాల్ సీమలోని చెట్ల నీడలలో పుట్టినది. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మదరాసు నుండి కూలీలతో డర్బను చేరినది మొదలు, చెరకుతోటల పనికై వలసపోయిన తెలుగువారు స్థిరపడినదియు ఆ నేటాల్ సీమయే. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లో ఏర్పడినది.

ఈ నేటాల్ ప్రస్తావనతో అసలు విషయమునకు వత్తము. దక్షిణాఫ్రికా అంతటను వాన ఒకే ఋతువున కురియదు. తూర్పుననున్న నేటాల్ మొదలగు ప్రాంతములలో వాన వేసవిలో కురియును. చలికాలము పొడిగా నుండును. పడమటి కేప్ సీమలో వాన చలికాలమున కురియును. వేసవి ఎండి బీటలు వారును. కనుక తూర్పు మొక్క వెచ్చదనముతో కూడిన తడిని కోరును. పడమటి మొక్క చల్లదనముతో కూడిన తడిని కోరును. వెచ్చని తడి దానికి మృత్యువు. మాలూరులో తొలకరి మొదలు స్వాతి కార్తె వరకు కురియు వాన తూర్పు మొక్కకు పుట్టింటి వాన వంటిది. పడమటి మొక్కకు అదే ప్రాణాంతకము. రెండింటిని ఒకే వరుసలో నుంచి ఒకే చెంబుతో నీరు పోయుటయే మన పొరపాటు.

దీనికి మొక్కల శరీరధర్మము తోడగును. రసభరితములైన మొక్కలు ఆకులందో కాండమునందో నీటిని నిలువచేసికొనును. వీనిలో పెక్కు పగటివేళ పత్రరంధ్రములను మూసికొని, రాత్రివేళ తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఆమ్లరూపమున దాచుకొని, మరునాటి ఎండలో ఆహారముగా మార్చుకొనును. అందుచే నీటి వ్యయము మిక్కిలి స్వల్పము. గడ్డజాతులు కాని ఋతువున ఆకులు రాల్చి భూమిలో నిద్రించును. నిద్రించు వేరు నీటిని పీల్చదు. పీల్చబడని నీరు కుండీలో నిలిచి బూజును, కుళ్లును పుట్టించును.

కనుక మట్టి త్వరగా ఆరునదై యుండవలెను. ఈ విషయమున మాలూరువారు భాగ్యవంతులు. ఇటుకలకు, పెంకులకు పేరుగాంచిన ఊరు గనుక విరిగిన ముక్కలకు కొదువ లేదు. వానిని శనగగింజంత పరిమాణమున నలుగగొట్టి, మెత్తని పొడిని జల్లించి పారవేయవలెను. ఈ ముక్కలు రెండు పాళ్లు, ఎఱ్ఱమట్టి ఒక పాలు, బాగుగ మాగిన ఆకు ఎరువు ఒక పాలు కలిపిన చాలును. కుండీ మట్టిదై, అడుగున రంధ్రము కలదై యుండవలెను. బంగారు గనుల ప్రాంతమున, 2001లో మూతబడిన గనుల చుట్టు నిలిచియున్న సైనైడు దిబ్బల ఇసుకను మాత్రము ఎన్నడును తేరాదు. అది రాతిని పొడిచేసి రసాయనములతో బంగారము తీయగా మిగిలిన పదార్థము. తడిసినచో గట్టిపడి వేళ్లకు గాలి నందనీయదు, అందలి రసాయనశేషములు మొక్కకును మనిషికిని హానికరములు.

తూర్పు మొక్కలతో ఆరంభించుట మేలు. జేడు కొమ్మను త్రుంచి, గాయము మానువరకు వారము దినములు నీడలో నుంచి నాటిన వేళ్లు తొడుగును. హవర్తియా, గాస్టీరియాలు స్వస్థలమున పొదల నీడలో పెరుగునవి గనుక ఉదయపు లేయెండ చాలును. యూకోమిస్, అగపాంథస్ మృగశిర కార్తెతో చిగిర్చి వానకాలమంతయు పెరుగును. క్లైవియాకు నేరుటెండ తగదు. డిసెంబరు, జనవరి నెలలలో నీరు తగ్గించినచో చలి వెనుదీసిన పిదప పూకాడ వెడలును. చలి లేని మైదానములలో అది పూయుటకు మొరాయించును. ఈ ఎత్తున ఆ చిక్కు తక్కువ. క్లైవియా గాని, నాభి గాని నోట పెట్టినచో విషము, పసిపిల్లలకు అందనీయరాదు.

పడమటి గడ్డలైన ఫ్రీజియా, లాకెనాలియా, బాబియానా, ఇక్సియా మొదలగువానిని స్వాతి వానలు వెనుకబడిన తరువాతనే నాటవలెను. చలికాలమంతయు మితముగా నీరు పోసి, ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆకులు పండుబారగానే పూర్తిగా మానవలెను. రోహిణి ఎండలలోను, తరువాతి వానలలోను ఆ కుండీలు చూరు క్రింద పొడిగా నిద్రింపవలెను. అంగడిలో అమరిల్లిస్ పేరిట దొరకు పెద్ద ఎఱ్ఱపూల గడ్డ దక్షిణ అమెరికాకు చెందిన హిప్పియాస్ట్రం. అసలు అమరిల్లిస్ కేప్ సీమది. రెండింటి సేద్యము వేరు.

రాళ్లను పోలిన లితాప్స్ మొక్కను 1811లో బర్చెల్ అను యాత్రికుడు గులకరాయి యనుకొని చేతికి తీసికొని కనుగొనెను. శరత్తున పూచిన పిదప పాత ఆకుల జత నడుమ క్రొత్త జత పుట్టి, పాతదాని రసమునే త్రాగి పెరుగును. పాత ఆకులు కాగితమువలె ఎండువరకు చుక్కనీరు పోయరాదు. జాలిపడి పోసిన నీరే దానిని చంపును.

ఇక సేకరణ విషయము. దక్షిణాఫ్రికాలో 2019 నుండి కోనోఫైటం మొదలగు చిట్టి మొక్కలను లక్షల సంఖ్యలో దొంగతనముగా పెరికి విదేశములకు అమ్ముచున్నారు. కొన్ని జాతులు ఒకటి రెండు గుట్టలపైననే పుట్టునవి. ఆ గుట్ట బోడియైనచో జాతి నశించినట్లే. మన కుందేటికొమ్ములకును బరువు తగ్గించు మందుల వ్యాపారము వలన ఇట్టి ఆపదయే కలదు. విదేశము నుండి మొక్కలను, విత్తనములను తెప్పించుటకు 2003 నాటి క్వారంటైను ఉత్తరువు ననుసరించి అనుమతిపత్రమును, ఆరోగ్యపత్రమును కావలెను. కలబంద తప్ప తక్కిన ఆలో జాతులకు అంతర్జాతీయ వ్యాపార నియమములు అదనముగా వర్తించును. కనుక పిలకలను ఇరుగుపొరుగులతో పంచుకొనుటయు, విత్తనమునుండి పెంచుటయు ఉత్తమ మార్గములు. విత్తనము నాటి పెంచిన మొక్క మొదటినుండియు మన ఋతువులకే అలవాటుపడును. దక్షిణార్ధగోళమునుండి తెచ్చిన గడ్డ తలక్రిందులైన ఋతువులకు సర్దుకొనుటకు ఏడాది పట్టును.

ప్రతి కుండీపై మొక్క పేరుతోపాటు తూర్పు, పడమర అను ఒక్క మాట వ్రాసియుంచినచో సగము విద్య వచ్చినట్లే. తక్కిన సగము, నీరు పోయవలెనని చేయి తొందరపడినపుడు దానిని నిలుపుకొనుట. చెరువు నిండిన ఏడు నీటి విలువను మరచి, ఎండిన ఏడు తలచుకొను మనకు ఈ చిన్న మొక్కలు రెండు ఏండ్లయందును ఒకే పాఠము చెప్పుచున్నవి.