పాత గేర్ సైకిల్ కొనబోయే ముందు

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, హాస్టల్ గ్రూపుల నిండా ఒకటే రకం మెసేజ్‌లు. "గేర్ సైకిల్ అమ్మబడును. కండిషన్ సూపర్. రేటు మాట్లాడుకోవచ్చు." ఫైనలియర్ వాళ్లు రూములు ఖాళీ చేస్తుంటారు. కూలర్లు, కెటిళ్లు, పరుపులతో పాటు సైకిళ్లూ అమ్మకానికొస్తాయి. ఫోటోలో ప్రతి సైకిలూ బాగానే కనిపిస్తుంది. తుడిచి, ఎండలో నిలబెట్టి తీస్తారు మరి!

మన దగ్గరేమో ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బో, ఇంటర్న్‌షిప్‌లో మిగిల్చుకున్న డబ్బో ఉంటుంది. ఒకసారి ఖర్చయితే మళ్లీ రాదు. పైగా గుట్ట దిగుతున్నప్పుడు ఫోర్కు విరిగితే పోయేది డబ్బొక్కటే కాదు. అందుకే కొనే ముందు ఒక అరగంట పెట్టి ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను. సూత్రం ఒక్కటే: సైకిల్లో కొన్ని భాగాలు అరుగుతాయి, మార్చుకోవచ్చు. కొన్ని పాడైతే సైకిలే పోయినట్టు. ఈ రెంటికీ తేడా తెలిస్తే బేరం దానంతటదే తేలుతుంది.

పుట్టిందే పాత సైకిళ్లలోంచి

మనకు బైక్ అంటే పెట్రోలు పోసేదే కాబట్టి మౌంటెన్ బైక్‌ని గేర్ సైకిల్ అంటాం. ఈ సైకిల్ ఏ కంపెనీ ల్యాబ్‌లోనూ పుట్టలేదు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మెరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930, 40ల నాటి బరువైన పాత సైకిళ్లను చవగ్గా కొని, వాటికి లావు టైర్లు వేసి మట్టి దారుల్లో కొండ దిగేవాళ్లు. 1976 అక్టోబర్ 21న అక్కడి ఒక నిటారు దారిలో మొదటి పోటీ పెట్టుకున్నారు. కిందికి చేరేసరికి వెనక చక్రం హబ్బులో ఉండే బ్రేకు కాలిపోయి గ్రీజంతా పొగైపోయేది. ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు నింపాలి. అందుకే ఆ పోటీకి 'రీప్యాక్' అనే పేరొచ్చింది. ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే ఒక ఫ్రేము తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరుతో పెద్ద ఎత్తున అమ్మడం మొదలుపెట్టింది.

అంటే సెకండ్‌హ్యాండ్ కొనడానికి నామోషీ పడక్కర్లేదు. వాళ్లకీ మనకీ కావలసింది ఒకటే: గట్టి ఫ్రేము, నమ్మకమైన బ్రేకు, విప్పి బిగించుకునే ఓపిక.

ముందు సైజు

సైకిల్ ఎంత మంచిదైనా మీ ఎత్తుకు సరిపోకపోతే వదిలేయండి. బూట్లు వేసుకుని, సీటు ముందు పైగొట్టానికి అటొక కాలూ ఇటొక కాలూ వేసి నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండంగుళాలు ఖాళీ ఉండాలి. మట్టి దారిలో ఒక్కసారిగా కాలు దింపాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీ విలువ తెలుస్తుంది.

తర్వాత సీటెక్కి, మడమను కింది పెడల్ మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. రాకపోతే సీటు గొట్టాన్ని పైకి లాగి చూడండి. ఇక్కడ రెండు సంగతులు బయటపడతాయి. ఒకటి, గొట్టం మీద ఉండే ఆఖరి గీత దాటి లాగాల్సి వస్తే ఆ ఫ్రేము మీకు చిన్నది. ఆ గీత దాటించి తొక్కితే ఫ్రేము సీటు దగ్గర పగులుతుంది. రెండు, గొట్టం అసలు కదలకపోవచ్చు. స్టీలు ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఏళ్ల తరబడి గ్రీజు లేకుండా, వానకు తడుస్తూ ఉంటే పట్టేస్తుంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో చదివిన గాల్వానిక్ కొరోజన్ ఇదే. ఊడదీయడం చాలా కష్టం.

ఫ్రేము: దీనికి స్పేర్ లేదు

సైకిల్‌ని తలకిందులుగా పెట్టి, గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి వేసి చూడండి. హ్యాండిల్ దగ్గర గొట్టాలు కలిసేచోటు, పెడల్ ఇరుసు చుట్టూ, సీటు బిగించేచోటు, వెనక చక్రం కూర్చునే మూలలు. వెల్డింగ్ అంచున వెంట్రుకంత గీత కనిపిస్తే వేలిగోరు పెట్టి గీరండి. గోరు తట్టుకుంటే అది పగులే అనుకోండి. హ్యాండిల్‌కి కాస్త వెనక, కింది గొట్టం అడుగున రంగు ముడతలు పడినా, ఉబ్బినా ఆ సైకిల్ దేన్నో ముందునుంచి గట్టిగా గుద్దిందని అర్థం.

లోహం ఏదన్నది కూడా ముఖ్యమే. మెషీన్ డిజైన్‌లో ఎస్-ఎన్ కర్వ్ గుర్తుందా? స్టీలుకి ఒక ఎండ్యూరెన్స్ లిమిట్ ఉంటుంది. అంతకు తక్కువ ఒత్తిడిలో ఎన్ని సార్లు వంగినా ఏమీ కాదు. అల్యూమినియంకి అలాంటి గీత లేదు. చిన్న ఒత్తిడైనా లెక్కలో కలుస్తూనే ఉంటుంది. అందుకని అల్యూమినియం ఫ్రేము చెడ్డదేం కాదు, తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు. కానీ ఎన్నేళ్లు, ఎలాంటి దారుల్లో తిరిగిందో అడగాలి. పగిలితే మాత్రం వీధి చివర వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లి లాభం లేదు. సైకిల్ ఫ్రేముల్లో ఎక్కువగా వాడే 6061 రకం హీట్ ట్రీట్‌మెంట్‌తోనే ఆ బలం తెచ్చుకుంటుంది. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టుపక్కల అది పోతుంది. స్టీలు ఫ్రేమైతే పనితనమున్న మనిషి అతికించగలడు.

ఫ్రేము సొట్టపోయిందేమోనని అనుమానంగా ఉంటే ఒక దారం చాలు. వెనక చక్రం ఇరుసు ఒక చివర దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, ఇరుసు రెండో చివరకు బిగువుగా కట్టండి. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. ఒకటి రెండు మి.మీ. తేడా పర్వాలేదు. అంతకంటే బాగా ఎక్కువైతే ఫ్రేము వంగినట్టే.

ఫోర్కు, చక్రాలు

ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటకమంటే రెండో చేత్తో ఆ చోటు పట్టుకుని చూడండి. హ్యాండిల్ కింద బేరింగు దగ్గర ఆడుతుంటే బిగిస్తే సరిపోవచ్చు. సస్పెన్షన్ పైగొట్టం కిందిదాంట్లోకి దూరేచోట ఆడుతుంటే లోపలి బుష్షులు అరిగినట్టు. చవక ఫోర్కులకి ఆ బుష్షులు దొరకవు, ఫోర్కు మొత్తం మార్చాలి. పైగొట్టం మీద తుప్పు, లోతైన గీతలు ఉన్నా అదే కథ.

తక్కువ బడ్జెట్‌లో సస్పెన్షన్ లేని మామూలు ఫోర్కు దొరికితే సంతోషంగా తీసుకోండి. బరువు తగ్గుతుంది, చెడిపోయే సామానూ తగ్గుతుంది. ముందూ వెనకా రెండు సస్పెన్షన్లున్న చవక సైకిల్ జోలికి మాత్రం వెళ్లకండి. తొక్కిన బలంలో కొంత స్ప్రింగే తినేస్తుంది, కీళ్లు అరిగితే సామాను దొరకదు.

చక్రాన్ని ఎత్తి తిప్పండి. బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ఖాళీ చూడండి. రెండు మూడు మి.మీ. అటూ ఇటూ ఊగితే షాపువాడు బెండు తీసేస్తాడు. ఒకచోట మాత్రమే దబ్బున పక్కకి పోతుంటే రిమ్ముకి దెబ్బ తగిలినట్టు. పుల్లలను ఒక్కొక్కటీ వేలితో మీటండి. ఒకే వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలకాలి. టప్‌మని చచ్చుగా పలికేది వదులైపోయింది. రబ్బరు బ్రేకుల సైకిలైతే రిమ్ము అంచుని తడిమి చూడండి. లోపలికి గుంటపడి ఉంటే ఆ రిమ్ము ఆయుష్షు అయిపోవచ్చింది.

చైను: స్కేలు చెప్పే నిజం

సైకిల్ ఎంత తిరిగిందో చెప్పే మీటరు ఉండదు కానీ, చైను ఉంటుంది. "చైను సాగింది" అంటాం. నిజానికి ఇనుము సాగదు. లింకులను కలిపే పిన్నులు అరుగుతాయి. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి అరుగుదల, అన్నీ కలిస్తే చైను పొడవు పెరుగుతుంది.

కొలవడం తేలిక. కొత్త చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మి.మీ. చైనుని బిగువుగా ఉంచి, ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టి, అక్కణ్ణించి 20వ పిన్ను ఎక్కడుందో చూడండి. 254 మి.మీ. దగ్గరుంటే చైను కొత్తదే. 255 దాటి కాస్త ముందుకెళ్తే చైను మార్చే వేళయింది. 256.5 దగ్గరకొచ్చిందా, చైనుతో పాటు వెనక పళ్లచక్రాలూ పోయినట్టే లెక్క.

ఎందుకంటే, అరిగిన చైను పళ్లను కూడా తన కొలతకే అరగదీసుకుంటుంది. అవి రెండూ కలిసి బాగానే తిరుగుతుంటాయి, అందుకే అమ్మేవాడు "ఏ ప్రాబ్లమూ లేదు" అంటాడు. అతను అబద్ధమాడినట్టు కాదు. మీరు కొత్త చైను వేయించిన రోజున తెలుస్తుంది: గుట్ట ఎక్కుతూ బలంగా తొక్కగానే చైను పళ్ల మీంచి జారి, కాలు గాల్లో తేలుతుంది. పళ్లు సొరచేప రెక్కల్లా ఒకవైపు వంగి సూదిగా ఉంటే స్కేలు కూడా అక్కర్లేదు.

ఇక పెడల్ కడ్డీని చేత్తో పట్టుకుని ఫ్రేము వైపు, బయటి వైపు ఊపండి. ఆడితే ఇరుసు బేరింగులు చూడాలి. గేర్లన్నీ ఒకసారి మార్చి చూడండి. వెనక్కి వెళ్లి నిలబడి చూస్తే గేరు మార్చే చేయి పళ్లచక్రాలకు సమాంతరంగా వేలాడాలి. లోపలికి వంగి ఉంటే సైకిల్ కుడివైపు పడిందన్నమాట. చాలా అల్యూమినియం ఫ్రేముల్లో దాన్ని పట్టుకునే హ్యాంగర్ విడి ముక్క, మార్చుకోవచ్చు. ఫ్రేములో భాగమైతే జాగ్రత్త.

బ్రేకుల్లో ఏ రకమైనా సరే, మీటని సగం నొక్కేసరికి పట్టుకోవాలి. మన బడ్జెట్‌కి రబ్బరు బ్రేకులే మేలు. ఏ ఊళ్లో ఏ షాపువాడైనా బాగుచేస్తాడు.

అసలు ధర ఎంత?

అడిగిన రేటు అసలు ధర కాదు. దానికి రిపేరు ఖర్చు కలపాలి. ఊహకోసం రెండు సైకిళ్లు అనుకుందాం. మొదటిదానికి 6,000 అడిగారు. చైను, ఫ్రీవీలు కలిపి 900, రెండు టైర్లు 1,200, బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు 400, ఓవరాయిలింగు 500. మొత్తం 9,000. రెండోదానికి 8,000 అడిగారు, బ్రేకు రబ్బర్లు తప్ప అన్నీ బాగున్నాయి. 8,300. చవకైనది ఏది? ఈ అంకెలు లెక్క చూపడానికే. మీ ఊరి షాపులో రేట్లు అడిగి మీ కాగితం మీరు నింపుకోండి.

బేరానికీ ఆ కాగితమే ఆయుధం. "అన్నా, తగ్గించన్నా" అని బతిమాలితే వంద తగ్గుతుంది. "అన్నా, చైను కొలిచాం చూడు, పళ్లచక్రాలూ పోయాయి. షాపులో తొమ్మిది వందలు చెప్పారు" అంటే ఏ సీనియరైనా ఆలోచిస్తాడు. గొడవా ఉండదు.

ఇంతకీ ఈ సైకిల్ ఎవరిది?

ఇది చాలామంది అడగని ప్రశ్న. మోటార్ సైకిల్‌కి ఆర్సీ ఉంటుంది, నంబరుంటుంది. సైకిల్‌కి అవేవీ లేవు. ఉన్నదల్లా కొన్నప్పటి బిల్లు, ఫ్రేము మీద చెక్కిన సీరియల్ నంబరు. సాధారణంగా అది పెడల్ ఇరుసు అడుగున ఉంటుంది. బిల్లుంటే రెండూ కలుస్తాయేమో చూడండి. బిల్లు లేకపోతే అమ్మే వ్యక్తి పాత ఫోటోలు చూపించమనండి, పేరూ సీరియల్ నంబరూ రాసి సంతకం పెట్టిన రసీదు తీసుకోండి. సీరియల్ నంబరు గీకేసి ఉంటే ఇక మాటలొద్దు, వచ్చేయండి.

దొంగ సొత్తని తెలిసో, తెలుసుకునే వీలుండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, సగం ధరకు వచ్చిన ఆ సైకిల్ పక్క హాస్టల్‌లో ఎవరో మనలాంటి వాడిదే. సెలవులకు ఇంటికెళ్లి తిరిగొచ్చేసరికి స్టాండు ఖాళీగా కనిపించిన వాడిది. ఆన్‌లైన్‌లో చూసి కొనేవాళ్లకి ఇంకొక్క మాట: సైకిల్ కళ్లతో చూడకుండా "బుకింగ్ అడ్వాన్స్" ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

అన్నీ కుదిరాక పది నిమిషాలు తొక్కి చూడండి. కాస్త ఎత్తు ఎక్కండి, కాస్త గతుకుల్లో పోనివ్వండి, రెండు బ్రేకులూ విడివిడిగా వేయండి. ఫ్రేము మీద గానీ, సైకిల్ ఎవరిదన్న దాని మీద గానీ అనుమానం మిగిలితే రేటెంత తగ్గించినా కొనకండి. మిగతా లోపాలన్నీ కాగితం మీద కూడికలే. కొన్నాక ఆ కాగితంలో ఇంకో అంకె చేర్చండి: గట్టి తాళం. ఫ్రేమునీ చక్రాన్నీ కలిపి స్టాండుకి వేయగలిగేది తీసుకోండి.