మీకు తెలుసా? తెలిసి తెలిసి తప్పుడు దావా వేసినా కట్టేది మూడువేలే!

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. గట్టు తగాదా గెలిచేసరికి ఆ గట్టు విలువకు మించి ఖర్చుపెట్టుకున్న కుటుంబాలు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. అయితే ఆ ఖర్చును అవతలివాళ్ల దగ్గర రాబట్టుకునే దారి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది.

సెక్షన్ 35 ప్రకారం ఖర్చులు ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలన్నది జడ్జిగారి విచక్షణ. మామూలుగా ఓడినవాళ్లే గెలిచినవాళ్లకు ఇవ్వాలి. అలా ఇప్పించకపోతే ఎందుకు ఇప్పించడం లేదో తీర్పులో కారణం రాయాలి. ‘ఎవరి ఖర్చులు వారే భరించుకోవాలి’ అని ఒక్క వాక్యం రాసి, కారణం రాయకుండా వదిలేస్తే చట్టం చెప్పినట్టు జరగలేదన్నమాటే.

డిక్రీ కాపీ ఎప్పుడైనా తిరగేశారా? అడుగున వాదికి ఒకవైపు, ప్రతివాదికి ఒకవైపు లెక్క వేసిన పట్టిక ఉంటుంది. దావా స్టాంపు, వకాల్తా స్టాంపు, ప్లీడరు ఫీజు, సాక్షుల బత్తా, కమిషనర్ ఫీజు, సమన్లు అందించిన ఖర్చు... ఇలా వరసగా. అందులోని ప్లీడరు ఫీజు మీరు నిజంగా ఇచ్చిన ఫీజు కాదు, రూల్సు లెక్కగట్టిన ఫీజు. అందుకే కూడిక చివర వచ్చే అంకె చూసి కక్షిదారులు ఉసూరుమంటారు. అయినా అడిగితే చేరే పద్దులు ఇంకా ఉన్నాయి. లాయరు నోటీసు, చట్టం ప్రకారం తప్పనిసరి కాకపోయినా, దాని ఖర్చు. దావా కాగితాల టైపు ఖర్చు. కోర్టు రికార్డులు చూడటానికి కట్టిన రుసుము. సమన్లతో పనిలేకుండా మీరే వెంటబెట్టుకొచ్చిన సాక్షి ఖర్చు. వీటన్నిటినీ ఇప్పించవచ్చని ఆర్డర్ 20-ఎ చెబుతోంది. అది పుస్తకంలో చేరింది 1976 సవరణతో.

ఇక అసలు విషయం. అబద్ధమని తెలిసీ దావా వేసినా, అబద్ధమని తెలిసీ అడ్డు వాదన చేసినా ఎదుటివారికి పరిహారంగా ఖర్చులు ఇప్పించడానికి సెక్షన్ 35-ఎ ఉంది. 1922లో చేర్చారు. గరిష్ఠ మొత్తం ఎంతో తెలుసా? రూ. 3,000! కోర్టు ఆర్థిక విచారణ పరిధి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే. ఈ పరిమితిని 1976లో పెంచారు, ఆ తర్వాత కదల్లేదు. కోట్ల విలువైన స్థలం మీద దొంగ దస్తావేజుతో ఏళ్లపాటు దావా నడిపినవాడికి కూడా ఈ సెక్షన్ కింద పడేది అంతే. ఇది నిజాయితీగా బతికేవాళ్లకు జరుగుతున్న అన్యాయం. అప్పీళ్లకు, రివిజన్లకు ఈ సెక్షన్ వర్తించదు కూడా.

ఒకసారి ఢిల్లీ హైకోర్టు ఒక అప్పీలులో ఏకంగా రూ. 45,28,000 ఖర్చులు వేసింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోడ్‌నూ రూల్సునూ దాటి ఖర్చులు వేయలేమని చెబుతూనే, ఆ మూడువేల పరిమితిని కనీసం లక్షకు పెంచాలని సూచించింది. మరుసటి ఏడాది మే నెలలో లా కమిషన్ సివిల్ దావాల ఖర్చుల మీదే 240వ నివేదిక ఇచ్చింది. అప్పుడు కమిషన్ అధ్యక్షుడు మన తెలుగువారే, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసి, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి.

వాణిజ్య తగాదాల్లో మాత్రం ఈ మూడువేల గొడవ లేదు. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం ఆ పరిమితిని తీసేసింది. రూ. 3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదాలకు అదే వర్తిస్తుంది. ఖర్చులు తేల్చేటప్పుడు కక్షిదారు నడవడిక ఎలా ఉంది, న్యాయమైన రాజీ ప్రతిపాదన వస్తే కాదన్నాడా అన్నవి కూడా చూడాలి. అంతేకాదు, గెలిచినవాడి మీదా ఖర్చులు పడవచ్చు! చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. బాకీ డబ్బుకోసం దావా వేసి గెలిచాడు, కానీ దాంతోపాటు అడిగిన నష్టపరిహారం పసలేనిదని, వేధించడానికే అడిగాడని తేలింది. అలాంటివాడు గెలిచినా ఖర్చులు కట్టాల్సి రావచ్చు.

వాయిదాల మీద వాయిదాలు అడిగేవాళ్ల కోసం సెక్షన్ 35-బి ఉంది. దావా విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని ఆర్డర్ 17 అంటోంది. అనవసరంగా జాప్యం చేస్తే, ఆ రోజు కోర్టుకు వచ్చిపోయినందుకు ఎదుటివారికి అయిన ఖర్చును వాళ్లచేత ఇప్పించవచ్చు. తర్వాతి వాయిదాకు ఆ డబ్బు కట్టకపోతే కేసు కొనసాగించే వీలు వాళ్లకు ఉండదు. దావా దానంతటదే కొట్టేసినట్టు కాదు గానీ, తర్వాతి విచారణలో వాళ్లు పాల్గొనలేరని సుప్రీంకోర్టు వివరించింది. ఇంకో మెలిక ఏమిటంటే, ఇలా కట్టిన డబ్బు డిక్రీ ఖర్చుల్లో కలవదు. అంటే చివరికి కేసు గెలిచినా అది తిరిగి రాదు.



మళ్లీ తప్పుడు దావాల విషయానికొస్తే, 35-ఎ కింద ఉపశమనం అడగకుండా రాదు. ‘ఈ దావా అబద్ధం, అబద్ధమని వాదికీ తెలుసు’ అని ముందుగా మీరు అభ్యంతరం చెప్పి ఉండాలి. కాబట్టి మీ మీద తప్పుడు దావా పడితే ఆ మాట జవాబు దావాలోనే రాయించండి. వాయిదా వాయిదాకు అయిన ఖర్చుల రసీదులు దాచి, తీర్పుకు ముందే ఖర్చుల మెమో దాఖలు చేయమని మీ లాయరుగారిని గట్టిగా అడగండి.