నీరు తీసిన వేళ

మగవాళ్లు ఓడలెక్కి వెళ్లిపోతే ఇంటినీ పొలాన్నీ కన్నభాషనీ ఆడవాళ్లు కాపాడుకొచ్చిన సీమ... స్పెయిన్‌కి వాయవ్యాన, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న గలీసియా.

సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయల్ని గలీసియాలో 'రియా'లంటారు. వాటిలో నీరు తీయగానే రబ్బరు బూట్లు తొడుక్కున్న ఆడవాళ్లు బకెట్లతో ఇసుకలోకి దిగుతారు. నడుం వంచి గొర్రుతో లాగుతుంటే ఆల్చిప్పలు బయటపడతాయి. కొలిచి చూసి, చిన్నవైతే మళ్లీ ఇసుకలోకే వదిలేస్తారు. పోటు వచ్చేలోపే పని ముగియాలి. 'మారిస్కదోరా'లని పిలిచే ఈ ఆడవాళ్ల రెక్కల కష్టం మీద తరతరాలుగా ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి.

గలీసియా జనాభా సుమారు 27 లక్షలు. వానలు ఎక్కువైనా కమతాలు చిన్నవి. అందుకే 19వ శతాబ్దం నుంచి లక్షలమంది పొట్ట చేతపట్టుకుని క్యూబాకీ అర్జెంటీనాకీ వలసపోయారు. స్పెయిన్‌లో ఏ మూల నుంచి వచ్చినవాళ్లనైనా అర్జెంటీనాలో 'గల్యేగో' అనడం అలా మొదలైందే. గలీసియా గీతాన్ని మొదటిసారి పాడింది కూడా సొంతగడ్డ మీద కాదు, 1907లో హవానాలో! ఊరిమీద బెంగకి వీళ్ల మాట 'మొరీన్య'.

గాదె చెప్పే గుణం

పల్లెల్లో రాతి కాళ్లమీద నిలబెట్టిన గాదెలు కనిపిస్తాయి. పేరు 'ఓర్రెయో'. ఎలుకలు ఎక్కకుండా ప్రతి కాలి మీదా ఒక బల్లపరుపు రాయి. లోపలి మొక్కజొన్న ఆరేందుకు గోడల్లో సన్నని సందులు. కార్నోతా అనే ఊళ్లోని గాదె పొడవు దాదాపు 35 మీటర్లు. వాన తెరిపివ్వని చోట గింజ బూజు పట్టకుండా దాచుకోవడంలోనే వీళ్ల ఓర్పు తెలుస్తుంది.

సంతరోజు మాత్రం చేతికి ఎముక ఉండదు. రాగి కాగులో ఉడికిన ఆక్టోపస్‌ని కత్తెరతో ముక్కలు చేసి, చెక్కపళ్లెంలో వేసి, ఆలివ్ నూనె, కల్లుప్పు, మిరపపొడి చల్లి అందిస్తారు.

మెట్లమీద కనిపించిన గలీసియా మనిషి ఎక్కుతున్నాడో దిగుతున్నాడో తేల్చలేమని స్పెయిన్‌లో అంటుంటారు. నిమిషానికో రంగు మారే సముద్రంతో బతికేవాళ్లు తొందరపడి మాట ఇవ్వరు మరి. కానీ 2002 నవంబరులో 'ప్రెస్టీజ్' అనే చమురు ఓడ మునిగి తీరమంతా చమురు పేరుకున్నప్పుడు జాలర్లు వెనకాడలేదు. పడవలేసుకెళ్లి చేతులతోనే ఆ జిగురు తోడారు. 'నుంకా మాయిస్'- ఇంకెన్నడూ వద్దంటూ జనం వీధుల్లోకొచ్చారు.

అమ్మ నోటి భాష

మధ్యయుగాల్లో కవిత్వంతో వెలిగిన గలీసియన్, ఆ తర్వాత శతాబ్దాలపాటు రాతకు దూరమై ఇళ్లలోనే బతికింది. కవయిత్రి రొసాలియా దె కాస్ట్రో 1863లో 'కాంతారెస్ గల్యేగోస్'తో దాన్ని మళ్లీ సాహిత్యంలో నిలబెట్టింది. భర్త బతికుండగానే ఒంటరైన వలసకూలీల భార్యల గోడునీ ఆవిడే కవిత్వం చేసింది. నియంత ఫ్రాంకో కాలంలో ఆ భాషకు బడిలో చోటు దక్కలేదు. 1981లో స్పానిష్‌తోపాటు అధికార భాష అయింది. ఏటా మే 17 గలీసియన్ సాహిత్య దినం.

అయినా నగరాల్లో పిల్లలు స్పానిష్‌కే అలవాటు పడుతున్నారు. ఆ దిగులేంటో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చిన్న ఆల్చిప్పను ఇసుకలోకి వదిలేసే చేతులకి రేపటి కోసం మిగల్చడం తెలుసు. భాషకీ ఆ చేతులే దిక్కు.