పొత్తిళ్లలోని బిడ్డకు రెండు రంగుల బొంత

ఇంట్లో బిడ్డ పుట్టబోతున్నదని తెలిసిన నాటి నుంచే మన పెద్దలు పాత నూలు చీరలను ఏరి పక్కన పెట్టేవారు. ఏళ్ల తరబడి ఉతుకులకు మెత్తబడిన ఆ చీరలే మూడు నాలుగు పొరలుగా ఒకదానిపై ఒకటి పరచుకుని, చేతికుట్టుతో కలిసి, పసిబిడ్డకు తొలి పడకగా మారేవి. తెలుగువారు దానిని బొంత అన్నారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో గుదడీ అన్నారు. పేరు ఏదైనా, బిరుసైన కొత్త గుడ్డ కన్నా మెత్తని పాత గుడ్డే లేత ఒంటికి హాయి అన్న అనుభవం అందులో ఉంది. దేనినీ వృథా పోనీయరాదన్న నియమమూ ఉంది. దుబారాను మన ధర్మం ఎంత గట్టిగా వారించిందో వేరే చెప్పనక్కర లేదు.

చోడవరం చెరకు పండే సీమ. సమీపంలోని గోవాడ సహకార చక్కెర కర్మాగారం పేరు ఆ చుట్టుపక్కల రైతు కుటుంబాలన్నింటికీ తెలిసినదే. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మాడుగుల మీదుగా పాడేరు కొండల వైపు సాగే దారిలో శీతకాలపు చలి ఎలా ఉంటుందో ఇక్కడివారికి ఎరుకే. ఇటువంటి ఊళ్లలో ఇప్పుడు దుకాణంలో దొరికే నైలాను దుప్పట్లు బొంత స్థానాన్ని ఆక్రమించాయి. అయినా కుట్టుమిషను ఉన్న ఇళ్లలో యువతులు మళ్లీ బొంతల వైపు చూస్తున్నారు. పొరుగింటి పెద్దమ్మ గారి దగ్గరో, బంధువుల ఇంటిలోనో, ఫోను తెర మీదనో ఒక చక్కని అమరిక కనిపిస్తుంది. రెండే రంగులు, పొందికైన ముక్కలు. మన బిడ్డకూ అటువంటిదే కుట్టాలనిపిస్తుంది. అప్పుడే ఒక ప్రశ్న కూడా ఎదురవుతుంది: ఆ అమరిక ఎవరిది? దానిని మనం ఎలా తీసుకోవాలి?

చేతి నుంచి చేతికి

బొంతల చరిత్ర అంతా ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్న చరిత్రే. బెంగాల్‌లో కాంథా, బీహారులో సుజనీ, సింధులో రల్లీ, మహారాష్ట్రలో గోధడీ అన్నీ పాత గుడ్డల పొరల నుంచి పుట్టినవే. మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. వీరి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. వీరిలో ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. సిద్దీ స్త్రీలు అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్కలను చేర్చుకుంటూ నడిమి వరకు కుట్టుకుపోతారు. చివరన నాలుగు మూలలా చిన్న గుడ్డ మడతలను పువ్వుల్లా కుడతారు. అవి లేనిదే బొంత పూర్తి అయినట్లు భావించరు. మతం వేరైనా కుట్టు ఒకటే కావడం గమనించదగినది.

రంగు కూడా ఇలా చేతులు మారినదే. మన తూర్పు తీరంలో అద్దకంవారు చిరివేరుతో పక్కా ఎరుపును సాధించారు. ఉతికినా వెలవని మరో ఎరుపు రహస్యాన్ని ఐరోపావారు 18వ శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యపు అద్దకంవారి నుంచి నేర్చుకున్నారు. అందుకే దానికి వారు టర్కీ ఎరుపు అని పేరు పెట్టారు. ఆ రంగు కారదు కనుకనే పక్కన తెల్లగుడ్డ పెట్టి కుట్టడానికి ధైర్యం వచ్చింది. 19వ శతాబ్దంలో అమెరికా స్త్రీలు ఎరుపు తెలుపు బొంతలను విరివిగా కుట్టారు. 2011 మార్చిలో న్యూయార్కు నగరంలో ఒకే ఇంటి సేకరణ నుంచి 651 ఎరుపు తెలుపు బొంతలను ప్రదర్శించారు. చూసినవారు ముగ్ధులయ్యారు. కానీ వాటిలో అత్యధిక భాగం ఎవరు కుట్టారో తెలియదు. గుడ్డ నిలిచింది, రంగు నిలిచింది, కుట్టిన చేతి పేరు మాత్రం నిలవలేదు.

మన ఇళ్లలోనూ జరిగింది అదే. అమ్మమ్మ కుట్టిన బొంత పెట్టెలో ఉంటుంది. ఆమెకు నేర్పిన వారెవరో చెప్పగలిగేవారు ఉండరు.

నమూనా కూడా అమానతే

గళ్లు, త్రికోణాలు, గాలిచక్రం వంటి పాత అమరికలు ఏ ఒక్కరి సొత్తూ కావు. వాటిని ఎవరైనా కుట్టుకోవచ్చు. కాని ఒకరు ఆలోచించి, కొలతలు వేసి, కాగితం మీద గీసి అమ్ముతున్న నమూనా అటువంటిది కాదు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం అటువంటి గీతకూ రక్షణ ఇస్తుంది. గీసినవారి జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది. కొన్న నమూనా ప్రతిని నకళ్లు తీసి పదిమందికి అమ్మడం, వేరొకరి గీతను మన పేరుతో చూపడం తప్పు. అనుమతి అడగడం చిన్నతనం కాదు. చాలామంది ఆనందంగా ఒప్పుకుంటారు.

చట్టం చేరని చోట మర్యాద ఉంది. పొరుగింటి పెద్దమ్మ గారు ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి నేర్పిన కుట్టుకు రసీదు ఉండదు. అంత మాత్రాన అది ఊరికే వచ్చినదని అనుకోరాదు. మనుషులకు కృతజ్ఞత తెలపడాన్ని అల్లాహ్‌కు కృతజ్ఞత తెలపడం నుంచి విడదీయలేమన్నది దైవప్రవక్త (స) బోధన. ఎవరైనా బొంతను మెచ్చుకున్నప్పుడు “ఇది ఫలానావారు నేర్పిన అమరిక” అని ఒక్క మాట అనడంలో మన పనితనానికి వచ్చే లోటు ఏమీ లేదు.

కుట్టే విధానం

గాలిచక్రం అమరిక అందరిదీ కనుక దానినే ఉదాహరణగా తీసుకుందాం. పూర్తయ్యాక బొంత 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు ఉంటుంది. 44 అంగుళాల పన్నా గల నూలుగుడ్డ లేత రంగుది 1 మీటరు, ముదురు రంగుది 1.25 మీటర్లు కావాలి. ముదురు రంగులో మిగిలినది అంచు పట్టీకి సరిపోతుంది.

రెంటినీ విడివిడిగా ఉతికి ఆరబెట్టాలి. తడిపిన తెల్లగుడ్డతో ముదురు గుడ్డను రుద్ది చూడాలి. రంగు అంటితే మళ్లీ ఉతకాలి. ఉప్పునీటిలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం మీద ఆధారపడరాదు. ఎంత ఉతికినా రంగు కారుతూనే ఉంటే ఆ గుడ్డను పసిబిడ్డ కోసం వాడనే వద్దు.

ఒక్కో రంగులో 5.5 అంగుళాల చదరాలు 40 కత్తిరించాలి. లేత చదరం మీద మూల నుంచి మూలకు పెన్సిలుతో గీత గీసి, ముదురు చదరంతో మంచి వైపులు కలిసేలా జత చేయాలి. గీతకు ఇరువైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత వెంబడి కత్తిరిస్తే ఒక జత నుంచి రెండు రంగుల చదరాలు రెండు వస్తాయి. అలా 80 వస్తాయి. కుట్టు మడతను ముదురు రంగు వైపు తిప్పి ఇస్త్రీ చేసి, ప్రతి చదరాన్నీ సరిగ్గా 5 అంగుళాలకు సరిచేయాలి. ఈ సరిచేసే పనిలో తొందరపడితే చివరన మూలలు కలవవు.

నాలుగు చదరాలను ముదురు త్రికోణాలు ఒకదాని వెంట ఒకటి తిరిగేలా అమర్చి కుడితే ఒక గాలిచక్రం తయారవుతుంది. మొత్తం 20 చక్రాలు. అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు చొప్పున కలిపితే పైభాగం సిద్ధం. దాని కింద దూదికి బదులు రెండు పొరల పాత నూలుచీర, అడుగున మరొక పొర పరచాలి. కింది పొరలు అన్ని వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువగా ఉండాలి. దూది ఉతుకులో ఉండ కడుతుంది. చీర పొర ఉండ కట్టదు, త్వరగా ఆరుతుంది. పొరలు జరగకుండా పెద్ద టాకాలు వేసి, నడిమి నుంచి అంచు వైపు సాదా చేతికుట్టు వేస్తూ రావాలి. వరుసల మధ్య రెండు వేళ్ల ఎడం చాలు. ఆ తరువాత టాకాలు విప్పి, మిగులు గుడ్డ కత్తిరించాలి. 2.5 అంగుళాల ముదురు పట్టీలు ఐదింటిని కలిపి పొడవునా రెండుగా మడిచి, అంచు చుట్టూ కుట్టి, వెనక్కి తిప్పి హెమ్మింగు చేయాలి.

బిడ్డ క్షేమమే ముందు

అప్పుడే పుట్టిన శిశువు చూపు స్పష్టంగా ఉండదు. లేత రంగు పక్కన ముదురు రంగు వంటి గట్టి తేడా ఆ కళ్లకు సులువుగా అందుతుంది. రెండు రంగుల బొంతకు ఈ లాభం ఉంది. అయితే ఒక హెచ్చరిక ముఖ్యం. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయే చోట వదులుగా ఉండే బొంతలు, దిండ్లు, మెత్తని పరుపులు ఉంచవద్దని, బిడ్డను గట్టి పడక మీద వెల్లకిలా పడుకోబెట్టాలని శిశువైద్యులు చెబుతున్నారు. ముఖం మీదికి గుడ్డ జరిగితే తొలగించుకునే శక్తి ఆ చేతులకు ఉండదు. కనుక బిడ్డ మెలకువగా ఉండి పెద్దల కళ్ల ముందు ఆడుకునేటప్పుడు నేల మీద పరచడానికే ఈ బొంత. ఏడాది నిండిన తరువాత కప్పుకోవడానికీ పనికివస్తుంది. గుండీలు, పూసలు, తళుకులు, వేలాడే కుచ్చులు కుట్టవద్దు. ఎన్ని గుండుసూదులు గుచ్చామో అన్నీ తిరిగి పెట్టెలో చేరాయా అని లెక్క చూసుకోనిదే బొంతను బిడ్డ దగ్గరికి తేరాదు.

అఖీఖా నాటికి బంధువులు తెచ్చే కానుకల్లో చాలావరకు ఏడాది తిరిగేసరికి పాతబడిపోతాయి. చేతితో కుట్టిన బొంత మరో బిడ్డకు, మరో ఇంటికి చేరుతుంది. అందుకే వెనక వైపు ఒక మూల చిన్న గుడ్డముక్క కుట్టి, దానిమీద దారంతో మూడు విషయాలు రాయండి: బిడ్డ పుట్టిన తేదీ, కుట్టినవారి పేరు, నమూనా ఇచ్చిన లేదా కుట్టు నేర్పినవారి పేరు. ఆ మూడవ పేరు రాసే ముందు వారిని ఒక్క మాట అడగండి. పొరుగింటి పెద్దమ్మ గారు ముందు వద్దంటారు, తరువాత ఏ రంగు దారంతో రాస్తున్నావని అడుగుతారు.