ఎఫెసు చూచి మళ్లీ గ్రీసులో దిగాలంటే

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి, పౌలు తిరిగిన రేవులు చూడాలని మేమిద్దరం ఓడ ప్రయాణానికి అడ్వాన్సు కట్టాము. ఏథెన్సు దగ్గరి పిరేయస్‌లో ఎక్కి, టర్కీలోని కుషదాసిలో దిగి ఎఫెసు శిథిలాలు చూచి, పత్మాసు మీదుగా మళ్లీ పిరేయస్‌కే రావాలి.

"ఓడలోనే ఉంటారు కదండీ, ఒక్కసారి దిగే గ్రీసు వీసా చాలు" అన్నాడు టికెట్లు చూచే ఆయన. సినిమా వేషాల మాటలు నమ్మి మోసపోయిన కుర్రవాళ్లను కృష్ణానగర్‌లో ఎందరినో చూచాము గనుక, కాగితం చూపమన్నాము. చూపలేదు.

గ్రీసు షెంగెన్ దేశం, టర్కీ కాదు. ఓడ కుషదాసి చేరితే షెంగెన్ దాటినట్టే. ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసా అంతటితో సరి, తిరిగి పత్మాసులో దిగడానికి చెల్లదు. కాబట్టి దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ అడిగి, రేవుల వరుస ఉన్న ఓడ కాగితం జత చేశాము. వీసా రాకపోయినా 90 యూరోల రుసుము తిరిగి రాదు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. టర్కీ సంగతి ఓడ కంపెనీనే వ్రాతపూర్వకంగా అడిగాము.

అంతకు ముందే ఇంటావిడ పాస్‌పోర్టు గడువు దగ్గరపడిందని తెలిసింది. అమీర్‌పేట పాస్‌పోర్టు సేవా కేంద్రం దగ్గరే గదా అనుకున్నాము. అది 2025లో ఎంజీబీఎస్ మెట్రో స్టేషనుకు మారిందట!

వీసా వచ్చిన రోజు ఫోటో కూడా చూడకుండా ఎంట్రీల గడి చూచాము. 01 కాదు, మల్ట్ అని ఉంది.