నీటిలో కలిసిన మందు

సంస్కృత నిఘంటుకారులు నీటికి ‘జీవనం’, ‘అమృతం’ అనే పేర్లతోపాటు ‘విషం’ అనే పేరును కూడా చెప్పారు. పూర్వులు ఏ భావంతో ఆ పేరు పెట్టినా, నేడు కొన్ని వాగుల విషయంలో అది అక్షరసత్యమైంది. ఆ నీటిని విషతుల్యం చేసినవాటిలో మనిషి ప్రాణం నిలిపే ఔషధాలు కూడా ఉండడం విచారకరం.

మనం మింగిన మందు అంతా శరీరంలో ఖర్చుకాదు. కొంతభాగం మూత్రంతోపాటు వెలువడి మురుగుకాలువలో కలుస్తుంది. గడువు తీరిందని పారవేసిన మాత్రలు, పశువులకూ కోళ్లకూ వాడిన మందుల అవశేషాలు కూడా క్రమంగా నీటిని చేరుతాయి. మందుల కర్మాగారాలున్న చోట వాటి వ్యర్థజలం వీటన్నిటినీ మించిపోతుంది.

హైదరాబాదుకు సమీపంలోని పటాన్‌చెరు ఇందుకు నిదర్శనం. అక్కడి కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని స్వీకరించే ఉమ్మడి శుద్ధికేంద్రంలో పరీక్షలు జరిపి, 2007లో ఫలితాలను ప్రకటించారు. శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలో సైతం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే ఇది ఎక్కువ. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరను చేరేది.

సిప్రోఫ్లాక్సాసిన్ బాక్టీరియాను చంపే మందు. మరి నీటిమొక్కకు దానివల్ల హాని ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం ఆకులోనే ఉంది. ఆకుకు పచ్చదనాన్నిచ్చి, సూర్యకాంతితో ఆహారాన్ని తయారుచేసే హరితరేణువు ఒకప్పుడు స్వతంత్రంగా జీవించిన బాక్టీరియా సంతతి. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వమే అది మరొక కణంలో చేరి స్థిరపడింది. ఇల్లు మారినా వంశలక్షణాలు పోలేదు. అందువల్ల బాక్టీరియాలో జన్యుపదార్థం ప్రతిరూపాలు ఏర్పడకుండా సిప్రోఫ్లాక్సాసిన్ అడ్డుకున్నట్లే, ప్రోటీన్ల తయారీని టెట్రాసైక్లిన్ నిలిపివేసినట్లే, హరితరేణువులోనూ అవే పనులు కుంటుపడతాయి. మందుకు శత్రువెవరో, మిత్రుడెవరో తెలియదు.

నీటిపై తేలియాడే లెమ్నా అనే చిన్న మొక్కపై ప్రయోగశాలలలో జరిపిన పరీక్షలు దీనిని రుజువు చేశాయి. మందు కలిసిన నీటిలో దాని ఆకులు పాలిపోతాయి, ఎదుగుదల తగ్గుతుంది. బాక్టీరియా వర్గానికే చెందిన నీలి ఆకుపచ్చ శైవలాలు మరింత త్వరగా దెబ్బతింటాయి. నాచు, నీటిమొక్కలు జలాశయానికి ప్రాణవాయువునిస్తాయి. పురుగులకు, చేపపిల్లలకు ఆహారమూ ఆశ్రయమూ కల్పిస్తాయి. అవి క్షీణిస్తే వాటినాశ్రయించిన జీవకోటి అంతా క్షీణిస్తుంది. మరొకవైపు, మందుకు లొంగని బాక్టీరియా అదే నీటిలో వృద్ధిచెంది, రేపటి రోగికి వైద్యమే లేకుండా చేసే ప్రమాదముంది.

ఇక్కడ నీటి పరిమాణం కూడా ముఖ్యమే. నిండుగా ప్రవహించే నదిలో మందు పలుచబడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే అనంతపురం వంటి కరవుసీమలో ఆ అవకాశం తక్కువ. పెన్నలో ఇసుక తప్ప నీరు కనిపించని నెలలే ఎక్కువ. ఎండకు చెరువునీరు ఆవిరవుతుంది గాని, అందులో కలిసిన మందులు చాలావరకు ఆవిరికావు. మిగిలిన కొద్ది నీటిలోనే అవి చిక్కబడతాయి. కాబట్టి నీరు తక్కువైన సీమకు, నీటిని కాపాడుకోవలసిన బాధ్యత ఎక్కువ.

కర్మాగారాల వ్యర్థజలంలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధించాలని కేంద్రప్రభుత్వం 2020లో ముసాయిదా వెలువరించింది. 2021నాటి తుది నిబంధనలలో ఆ పరిమితులు చోటుచేసుకోలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో ఈ విషయమై మార్గదర్శకాలను ప్రకటించింది. చట్టం చేయవలసిన పని చట్టానిది. వైద్యుడు చెప్పనిదే యాంటీబయాటిక్ వాడకపోవడం, మిగిలిన మాత్రలను కాలువలో పారవేయకపోవడం ప్రతి ఇంటివారు చేయదగిన పని. రోగం నయమైన తరువాత మందును మనం మరచిపోతాం. నీరు మాత్రం దానిని మోస్తూనే ఉంటుంది.