మూడు ముక్కల విల్లు

పెట్టె మూత తీస్తే అందులో విల్లు కనపడదు. గుడ్డలో చుట్టిన మూరెడు కర్ర పిడి ఒకటి, పక్కన మూరకు కాస్త పైగా ఉండే రెండు పలచటి బద్దలు. బద్దల కొసలు ఒంపు తిరిగి ఉంటాయి. ఒక బద్ద మొదలును పిడి చివరి గాడిలో ఆనించి నొక్కితే టక్కుమని గొళ్లెం పడుతుంది. రెండోదీ అంతే. పానా అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. నిమిషం తిరక్కుండా చేతిలో అయిదడుగుల విల్లు.

కానీ దాన్ని ఇంకా ఎక్కుపెట్టాలి. ఈ మాటను మనమిప్పుడు గురిపెట్టడానికి వాడేస్తున్నాం, తుపాకీని కూడా ఎక్కుపెడుతున్నాం. అసలు అర్థం బద్దను వంచి అల్లెతాడును దాని కొసనున్న కొప్పుకు తగిలించడం. జనకుడు రాజులకు పెట్టిన పరీక్ష ఆ పనే, బాణం దాకా ఎవరూ రానేలేదు.

ఈ మూడు ముక్కల విల్లును టేక్‌డౌన్ రికర్వ్ అంటారు. అమెరికాలో 1960లు, 70ల్లో తయారైన ఇలాంటి విళ్లను వెతికి కొని, బాగుచేసుకుని, వాటితోనే బాణాలు వేసే మనుషులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ఇద్దరు కలిస్తే మాట ఎంత దూరం తిరిగినా చివరికి ఒక్కచోటికే వస్తుంది: అతుకు. బద్ద పిడితో ఎలా కలుస్తుంది?

విల్లును ముక్కలు చేయాలన్న ఆలోచన అమెరికావాళ్లది కాదు. మన దేశంలో మొఘల్ కాలం నుంచే ఉక్కు విళ్లున్నాయి. కొమ్ము, నరాలు, జిగురు కలిపి చేసిన విల్లు వానాకాలపు తేమకు పాడవుతుంది. ఉక్కుదైతే ఆయుధాగారంలో ఏళ్ల తరబడి పడి ఉన్నా పనికొస్తుంది. వాటిలో కొన్నింటిని పిడి దగ్గర మర తిప్పి రెండుగా విడదీయొచ్చు. లోపల పొడిచే ములుకు దాచినవీ ఉన్నాయి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో గుర్రబ్బగ్గీలో పట్టేలా పిడి దగ్గర లోహపు గొట్టంతో అతికిన విళ్లుండేవి. వాటి పేరే బగ్గీ విల్లు. ఇవన్నీ రెండు ముక్కలవి, అతుకు సరిగ్గా నడిమధ్యన, గుప్పిట్లో.

మూడు ముక్కలు కావాలంటే ముందు విల్లే మారాలి. పాతకాలపు కర్ర విల్లు దాదాపు పిడి దాకా వంగుతుంది. వంగేచోట కోస్తే బలం పోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాజునార (ఫైబర్‌గ్లాస్) రేకులు వచ్చాయి. పలచటి మేపుల్ చెక్కకు రెండువైపులా ఆ రేకు అంటించి బద్దలు చేశారు. లాగినప్పుడు ఎదుటి ముఖం సాగాలి, మనవైపు ముఖం నలగాలి, గాజునార రెండింటికీ తట్టుకుంటుంది. వంగే పనంతా బద్దలే చేయడంతో పిడి బరువెక్కింది, పొడవైంది, అసలు వంగడం మానేసింది. వంగని చోటు దొరికింది కాబట్టి కోయడానికీ చోటు దొరికింది. రికర్వ్ అన్న పేరు కొసల ఒంపుది. లాగేకొద్దీ ఆ ఒంపు విచ్చుకుంటుంది. అందుకే చివరి అంగుళాల్లో కూడా చెయ్యి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోదు, మెత్తగా వస్తుంది.

ఇక ఫ్రెడ్ బేర్ దగ్గరికి రావాలి. 1902లో పెన్సిల్వేనియాలో పుట్టి, కార్ల పరిశ్రమలో పనికోసం డెట్రాయిట్ చేరిన మనిషి. ఆర్ట్ యంగ్ అనే విలుకాడు అలాస్కాలో తీసిన వేట సినిమా చూశాడు. తర్వాత ఆ యంగ్‌తోనే పరిచయమై విల్లు చేయడం నేర్చుకున్నాడు. 1933లో, ఆర్థికమాంద్యం నడినెత్తిన ఉన్నప్పుడు, కంపెనీ పెట్టాడు. మొదట్లో కడుపు నింపింది ప్రకటనల అచ్చుపని, విళ్లది మూల గది. 1947లో మిషిగన్ ఉత్తరాన గ్రేలింగ్ అనే చిన్న ఊరికి మారాడు. పాత విళ్ల మార్కెట్లో ‘గ్రేలింగ్’ అన్న మాటకు ఇప్పటికీ విలువుంది, మన దగ్గర ‘గద్వాల’ అంటే చీరకు ఉన్నట్టు.

వేటకోసం దూరాలు వెళ్లే మనిషికి చిన్న విమానంలో, గుర్రం మీద, పడవలో అయిదడుగుల కర్ర ఎంత అవస్థో తెలుసు. ఏళ్ల తరబడి ముక్కల విల్లు నమూనాలు చేసి, వేటకు తనే వాడి చూశాడు. 1969లో కంపెనీ దాన్ని బయటపెట్టింది. అప్పటికి ఏడాది ముందే బేర్ కంపెనీని విక్టర్ కాంప్టోమీటర్ అనే లెక్కల యంత్రాల సంస్థకు అమ్మేశాడు గానీ, పనిలో మాత్రం తనే ఉన్నాడు.

మొదట చెప్పిన టక్కుమనే గొళ్లెం ఈ విల్లుదే. చూడ్డానికి అల్పంగా ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు భయం, లాగేటప్పుడు ఊడొస్తే? జరిగేది దానికి తలకిందులు. అల్లెతాడు బిగువే బద్ద మొదలును గాడిలోకి అదిమి పెడుతుంది, ఎంత లాగితే అంత. గొళ్లెం పని విల్లు ఎక్కుపెట్టే దాకా బద్దను పడిపోకుండా పట్టుకోవడమే. పిడులు ఎ, బి, సి అని మూడు పొడవుల్లో, బద్దలు 1, 2, 3 అని మూడు పొడవుల్లో. కలిపి మార్చుకుంటూ పొట్టి విల్లు, పొడుగు విల్లు చేసుకోవచ్చు. మొదటి ఏళ్లలో కర్ర పిడితో పాటు మెగ్నీషియం పిడీ తెచ్చారు. సేకరించేవాళ్లు దానికోసం పోటీపడతారు. నాకైతే ఇష్టం లేదు. మిషిగన్ నవంబరులో ఆ లోహాన్ని గంటసేపు పట్టుకోవడం ఎవరి తరం?

గ్రేలింగ్ ఫ్యాక్టరీ సుదీర్ఘమైన సమ్మెతో కుదేలైంది. 1978లో కంపెనీ ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు తరలిపోయింది. పాత విళ్లవాళ్ల క్యాలెండర్‌లో అదో గీత. గీతకు ఇటుపక్క విల్లు చెడ్డదనేమీ లేదు, ధరే తక్కువ.

అతుకు విషయంలో మిగతా కంపెనీలది తలా ఒక దారి. చాలామంది బోల్టును నమ్మారు. పిడిలో మర, బద్దలో రంధ్రం, పక్కకు జరక్కుండా చిన్న మేకు. మిస్సోరిలోని బ్లాక్ విడో, వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలోని డేమన్ హోవట్, పియానోలు చేసే జపాన్ యమహా, ఎవరి కొలత వాళ్లది. యమహా 1959లో గాజునార విళ్లతో దిగి 2002లో ఈ రంగం వదిలేసింది. ఒకరి బద్ద మరొకరి పిడికి పట్టదు. ఒలింపిక్స్‌లో 1920 తర్వాత మాయమైన విలువిద్య 1972లో మ్యూనిక్‌లో తిరిగొచ్చింది. ఆ దశాబ్దంలో పోటీల మైదానాల నిండా ఇలాంటి పరస్పరం పొసగని విళ్లే. (మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ 1972లోనే. ఇక్కడ విల్లుకు మిగిలిన దారి గురిబోర్డు ఒక్కటే.)

అంతా ఒక గాడిన పడింది 1980ల్లో. సెయింట్ లూయిస్ ప్రాంతపు ఎర్ల్ హోయిట్ కంపెనీ తెచ్చిన జారుడు గాడి అతుకును మిగతావాళ్లూ అనుసరించారు. ఇప్పుడు దాన్ని అంతర్జాతీయ అతుకు అంటారు. ఒక దేశంలో చేసిన పిడికి మరో దేశంలో చేసిన బద్దలు తగిలించొచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన విజయవాడ బొమ్మదేవర ధీరజ్ చేతిలోదీ టేక్‌డౌన్ రికర్వే. (వెన్నం జ్యోతి సురేఖది చక్రాల కాంపౌండ్ విల్లు, దాని సంగతి వేరు.) ఆటగాళ్లకు ఇది వరం. సేకరించేవాడికి మాత్రం కథ అక్కడితో అయిపోయింది. ప్రతి ఫ్యాక్టరీ తన బుర్రతో తను ఆలోచించిన ఇరవై ఏళ్లే అతనికి కావాలి.

ఆ ఇరవై ఏళ్ల సరుకు కొనడానికి కన్ను కావాలి. బేర్ విళ్ల మీద ‘కెనడా 1953’ అని రాసుంటుంది. కొత్తవాడు అది తయారైన ఏడాది అనుకుని ఎగిరి గంతేస్తాడు. అది పేటెంటు సంవత్సరం, ఎన్నో ఏళ్ల తర్వాతి విళ్ల మీద కూడా ఉంటుంది. వయసు చెప్పేది పిడిలో పొదిగిన బిళ్ల. 1959లో కొన్నాళ్లు రాగి, 60ల చివర్లో ఇత్తడి, 1971–72ల్లో నికెల్ సిల్వర్. వేలితో తడిమినప్పుడు చెక్కతో సమంగా తగిలితే 1972 లేదా అంతకు ముందుది, ఉబ్బెత్తుగా తగిలితే 1973 లేదా ఆ తర్వాతిది. చూపులేనివాడు కూడా చెప్పగలిగిన లెక్క ఇది.

అసలు దుఃఖం అనాథ బద్దలది. అన్నదమ్ములు పంచుకున్నారో, ఎవరి అటక మీద ఏది మిగిలిందో, పిడి ఒక ఊళ్లో, బద్దలు మరో ఊళ్లో తేలతాయి. పై బద్ద ఉంటుంది, కింది బద్ద ఉండదు. రెండూ ఒకే జంటవి కాకపోతే లాగే బరువు సరిపోయినా వంపు సరిపోదు.

జంట దొరికితే, ఎక్కుపెట్టి కొసవైపు నుంచి ఒక కన్ను మూసి చూడాలి. అల్లెతాడు బద్ద నడుమనే నడవాలి. పక్కకు పోతే బద్ద మెలి తిరిగినట్టు. విల్లును ఏళ్లపాటు ఒక కొస మీద గోడమూలకు నిలబెట్టినవాళ్ల పుణ్యం. గాజునార లోపల నిలువుగా కనిపించే సన్నగీతలకు కంగారు పడక్కర్లేదు. అడ్డంగా గోటికి తగిలే చీలిక ఉంటే మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకోవాలి. రేకుకూ చెక్కకూ మధ్య జిగురు విడిచిందేమో బద్ద అంచు పొడవునా చూడాలి. మే నెలలో మూసిన కారు డిక్కీ, అది డల్లాస్ అయినా రెంటచింతల అయినా, ఆ జిగురుకు యముడు.

బద్ద మీద 45 అని, 28 అంగుళాలు అని రాసుంటే, బాణాన్ని 28 అంగుళాలు లాగినప్పుడు వేళ్ల మీద పడే బరువు 45 పౌండ్లని. చేతులు పొట్టివై 26 దగ్గర ఆగితే అంగుళానికి రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది. పాత బద్దకు పాతరకం డాక్రాన్ తాడే వేయాలి. ఇప్పటి సాగని దారాల దెబ్బకు ఆ రోజుల కొప్పులు చీలిపోతాయి. బాణం లేకుండా లాగి వదలడం అన్నిటికన్నా ఘోరం. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా బద్దలోకే తిరిగొస్తుంది. షోకుగా విల్లు చేతికి తీసుకున్న చుట్టం మొదట చేసే పని కూడా సరిగ్గా అదే కాబట్టి, చాలామంది ఇంటికొచ్చినవాళ్లకు విల్లును ముక్కలుగానే చూపిస్తారు.

అలాగని గాజుబీరువాలో పెట్టి తాళం వేసినవాళ్లతో నాకు పొత్తు కుదరదు. ఈ గొళ్లెం ఎంత తెలివైనదో తెలిసేది తాడు బిగిసినప్పుడే. సాయంత్రం పాతిక బాణాలు వేశాక, విల్లును ఎక్కుపెట్టడానికీ దించడానికీ వాడే స్ట్రింగర్ తాడును కాలికింద వేసి తొక్కి విల్లును దించుతారు. బిగువు పోగానే బద్ద మొదలు గాడిలో కొంచెం వదులవుతుంది. ఆ కదలిక చేతికి తెలుస్తుంది. గొళ్లెం ఎత్తి, చెమట తగిలినచోట గుడ్డతో తుడిచి, పై బద్ద పైకి, కింది బద్ద కిందికి, పిడి మధ్యలో సర్ది మూత వేస్తారు.